రైతు ఆన్‌లైన్ దుకాణానికి ఏ షాపింగ్ కార్ట్ మంచిది? ముందు బరువు, ఖర్చు, కస్టమర్ల లిస్టు చూడండి



మన పంటను మనమే శుభ్రం చేసి, మనమే ప్యాక్ చేసి, నేరుగా తినేవాళ్ళకి అమ్ముకుందాం అనుకునే రైతులు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వాళ్ళు ఫోన్ చేసి మొదట అడిగేది ఒకటే: "అన్నా, వెబ్‌సైట్ పెడదాం అనుకుంటున్నా. ఏ సాఫ్ట్‌వేర్ బాగుంటుంది?" పైన వీడియోలో సెట్టింగులు స్క్రీన్ మీద చూపించాను. వీడియోలో లెక్కలు వివరంగా చెప్పడం కుదరదు కాబట్టి అవి ఇక్కడ రాస్తున్నాను.

పొలం చూడకుండా ఏ పంట వేయాలో చెప్పకూడదని అగ్రికల్చర్ డిప్లొమాలో మొదట నేర్పిస్తారు. ఇక్కడా అంతే. మీ సరుకేంటి, దాని బరువెంత, నెలకి ఎన్ని ఆర్డర్లు, ఏ ఊళ్ళకి పంపుతారు అన్నది తెలియకుండా సాఫ్ట్‌వేర్ పేరు చెప్తే ఉపయోగం లేదు. దళారీని వదిలించుకోవడానికే కదా నేరుగా అమ్ముతున్నాం. తప్పు కార్ట్ తీసుకుంటే నెల అద్దె, కమీషన్, కొరియర్ నష్టం రూపంలో ఆ దళారీనే ఇంకో దారిలో ఇంటికి తెచ్చుకున్నట్టు అవుతుంది.

అసలు మీకు కార్ట్ అవసరమా?

షాపింగ్ కార్ట్ అంటే కస్టమర్ సరుకు ఎంచుకోవడం, బుట్టలో వేసుకోవడం, అడ్రస్ ఇవ్వడం, డెలివరీ ఛార్జీ లెక్క పడటం, డబ్బు కట్టడం, ఆ ఆర్డర్ మన దగ్గర నమోదు కావడం, ఈ పనులన్నీ చూసుకునే సాఫ్ట్‌వేర్.

నెలకి పది, ఇరవై, ముప్పై ఆర్డర్లు అయితే వాట్సాప్ బిజినెస్ చాలు. అది ఉచితం. అందులో కేటలాగ్ పెట్టుకోవచ్చు, కొత్త ఆర్డర్, డబ్బు వచ్చింది, పంపించాం అని లేబుల్స్ పెట్టుకోవచ్చు. యూపీఐ క్యూఆర్ ఉంటే డబ్బు నేరుగా మన బ్యాంకులో పడుతుంది.

అయితే వాట్సాప్‌కి డబ్బు ఖర్చు లేకపోయినా టైమ్ ఖర్చు ఉంది. రేటు చెప్పడం, అడ్రస్ అడగడం, పిన్‌కోడ్ మర్చిపోతే మళ్ళీ అడగడం, పేమెంట్ స్క్రీన్‌షాట్‌ని బ్యాంకు మెసేజ్‌తో సరిచూసుకోవడం, ఇలా ఒక్కో ఆర్డర్‌కి 15 నిమిషాలు వేసుకోండి. నెలకి 30 ఆర్డర్లకి ఏడున్నర గంటలు. 150 ఆర్డర్లకి 37 గంటల పైన, అంటే దాదాపు ఐదు పనిదినాలు ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. నాట్లో కోతలో నడుస్తున్నప్పుడు ఆ ఐదు రోజులు ఎక్కడి నుంచి వస్తాయి?

ఉన్న 20 బస్తాలకి 25 బస్తాల ఆర్డర్ తీసుకున్నా, డబ్బు కట్టినవాళ్ళ ఆర్డర్ చాట్‌లో కిందకి పోయి మిస్సయినా, వాట్సాప్ దాటాల్సిన సమయం వచ్చినట్టే.

ముగ్గురికి వేర్వేరుగా డబ్బు కట్టాలి

చాలామంది కలిపేసుకునే విషయం ఇది. ఆన్‌లైన్ దుకాణంలో మూడు ఖర్చులు ఉంటాయి.

ఒకటి సాఫ్ట్‌వేర్. రెండు పేమెంట్ గేట్‌వే, అంటే కస్టమర్ కార్డు నుంచో యూపీఐ నుంచో డబ్బు తీసుకుని మన ఖాతాలో వేసే కంపెనీ. రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ, పేయూ, సీసీఅవెన్యూ ఇలాంటివి. మూడు కొరియర్.

"మా సాఫ్ట్‌వేర్ ఫ్రీ" అని ఎవరైనా చెప్తే మొదటి ఖర్చు గురించే చెప్తున్నారు. మిగతా రెండూ మామూలుగా ఉంటాయి. గేట్‌వేలు మామూలుగా 2% దగ్గర తీసుకుంటాయి. ఆ ఫీజు మీద 18% జీఎస్టీ అదనం. 2020 జనవరి నుంచి యూపీఐ చెల్లింపుల మీద బ్యాంకులు వ్యాపారి దగ్గర ఎండీఆర్ అనే ఛార్జీ తీసుకోకూడదన్న నిబంధన ఉన్నా, గేట్‌వే కంపెనీ తన సర్వీసుకి వేరేగా ఫీజు వేయొచ్చు. అకౌంట్ తెరిచే ముందు యూపీఐకి ఎంత, కార్డుకి ఎంత, విదేశీ కార్డుకి ఎంత అని విడివిడిగా అడగండి. హైదరాబాద్‌లోనో గుంటూరులోనో ఉన్న అమ్మానాన్నలకి పంపమని అమెరికా నుంచి ఆర్డర్ పెట్టే మనవాళ్ళు ఉంటారు. విదేశీ కార్డులు కావాలంటే గేట్‌వే దగ్గర విడిగా పర్మిషన్ తీసుకోవాలి, ఫీజు కూడా ఎక్కువ.

కిరాయి ట్రాక్టర్, సొంత ట్రాక్టర్

కార్ట్ సాఫ్ట్‌వేర్లు ప్రధానంగా రెండు రకాలు.

మొదటి రకం నెల అద్దెకి తీసుకునేవి. షాపిఫై, జోహో కామర్స్, దుకాన్, ఇన్‌స్టామోజో ఇలాంటివి. సర్వర్ వాళ్ళదే, రిపేర్లు, సెక్యూరిటీ వాళ్ళే చూసుకుంటారు. మనం ఫోటోలు, రేట్లు పెట్టుకుంటే చాలు. కిరాయి ట్రాక్టర్ లాగా, చెడిపోతే బాధ మనది కాదు. కానీ పని ఉన్నా లేకపోయినా నెలనెలా అద్దె కట్టాలి, వాళ్ళు రేటు పెంచితే ఒప్పుకోవాలి.

రెండో రకం మనమే పెట్టుకునేవి. వర్డ్‌ప్రెస్ మీద నడిచే వూకామర్స్, ఇంకా ఓపెన్‌కార్ట్, ప్రెస్టాషాప్. వీటి సాఫ్ట్‌వేర్ ఉచితం. హోస్టింగ్, డొమైన్ మనమే కొనాలి. అప్‌డేట్లు, బ్యాకప్‌లు మన బాధ్యత. ఇది సొంత ట్రాక్టర్. నడపడం వచ్చినవాడు ఇంట్లో ఉంటే లాభం. మెకానిక్ దొరక్కపోతే షెడ్డులో పడి ఉంటుంది. మెజెంటో అనే ఇంకో పేరు కూడా వినిపిస్తుంది. అది పెద్ద కంపెనీల కోసం, మన అరెకరం పనికి హార్వెస్టర్ తెచ్చినట్టు ఉంటుంది.

ఒక విషయం గుర్తుపెట్టుకోండి. షాపిఫై పుట్టిందే మంచు మీద జారే బోర్డులు ఆన్‌లైన్‌లో అమ్ముకునేవాళ్ళు తమ దుకాణం కోసం రాసుకున్న సాఫ్ట్‌వేర్ నుంచి. 2006లో దాన్ని అందరికీ ఇచ్చారు. ఇలాంటి చాలా కార్టులు బట్టలు, ఫోన్లు, బొమ్మల దుకాణాలకి బాగా కుదురుతాయి. బియ్యం, నూనె, బెల్లం, మామిడికి కుదురుతాయో లేదో మనమే పరీక్షించుకోవాలి.

ఒక్కో ఆర్డర్‌కి ఖర్చు ఎంత?

లెక్క కోసం సగటు ఆర్డర్ 800 రూపాయలు అనుకుందాం. కింద నేను వేసుకున్న అంకెలు ఉదాహరణలే. మీ దగ్గరకి వచ్చిన కొటేషన్ అంకెలు పెట్టుకుని ఇదే లెక్క చేసుకోండి.

అద్దె కార్ట్: నెలకి 1500 రూపాయలు. కొన్ని అద్దె కార్టులు అద్దె కాకుండా ప్రతి అమ్మకం మీద కమీషన్ కూడా తీసుకుంటాయి. షాపిఫై సొంత పేమెంట్ సర్వీసు మన దేశంలో లేదు. బయటి గేట్‌వే వాడాలి కాబట్టి బేసిక్ ప్లాన్‌లో 2% అదనపు ఫీజు పడుతుంది. 800 మీద అది 16 రూపాయలు. గేట్‌వేకి 16, దాని జీఎస్టీ 2.88, కలిపి దాదాపు 19. నెలకి 30 ఆర్డర్లు అయితే అద్దె వాటా ఒక్కో ఆర్డర్‌కి 50. మొత్తం 85 రూపాయలు. అంటే అమ్మకంలో పదో వంతు పైనే పోయింది, ఇంకా కొరియర్ కలపలేదు. నెలకి 150 ఆర్డర్లు అయితే అద్దె వాటా 10కి దిగుతుంది, మొత్తం 45.

సొంత కార్ట్: హోస్టింగ్, డొమైన్ కలిపి ఏడాదికి 6000, నెలకి 500. అప్‌డేట్లు చూసే కుర్రాడికి నెలకి సగటున 1000. మొత్తం 1500. 30 ఆర్డర్లకి ఒక్కోదానికి 50, గేట్‌వే 19, మొత్తం 69. 150 ఆర్డర్లకి 29. ఇంట్లోనే చేసుకుంటే 30 ఆర్డర్ల దగ్గరే 36కి దిగుతుంది.

దీన్నిబట్టి అర్థమయ్యేది ఏంటంటే, ఖర్చుని నిర్ణయించేది సాఫ్ట్‌వేర్ పేరు కంటే మీ ఆర్డర్ల సంఖ్య. ఇంకోటి, "ఫ్రీ" సాఫ్ట్‌వేర్‌కి మనిషి ఖర్చు కలిపితే అది కూడా అద్దె అంతే అవుతుంది. పంట లేని నెలల్లో కూడా అద్దె పడుతుందా, ఆ నెలల్లో తక్కువ ప్లాన్‌కి మారే వీలుందా అని కూడా అడగండి. ఏడాదిలో మూడు నెలలే మామిడి అమ్మే రైతుకి ఇది పెద్ద తేడా.

మన సరుకుకి చూడాల్సినవి

బరువు. మనకి అన్నిటికంటే ముఖ్యం ఇదే. టీ-షర్టు అమ్మేవాడు "డెలివరీ 60 రూపాయలు" అని ఒకే రేటు పెట్టగలడు. మనం పెడితే, ఒకరు కిలో కందిపప్పు, ఇంకొకరు 25 కిలోల బియ్యం అదే 60కి ఆర్డర్ చేస్తారు. బరువు శ్లాబుల ప్రకారం ఛార్జీ లెక్కవేసే వీలు ఉండాలి. ఓపెన్‌కార్ట్‌లో బరువు ఆధారిత షిప్పింగ్ సాఫ్ట్‌వేర్‌తోనే వస్తుంది. షాపిఫైలో కూడా బరువు శ్లాబులు ఉన్నాయి. వూకామర్స్‌లో జోన్లు సొంతంగా ఉన్నా, బరువు శ్లాబులకి విడిగా ప్లగిన్ వేసుకోవాలి.

కార్ట్‌లో బరువు అని ఉన్నచోట ప్యాక్ చేసిన తర్వాత బరువు రాయండి. 5 కిలోల బియ్యం అట్టపెట్టెతో 5.3 కిలోలు అయితే కొరియర్ వాళ్ళు పై శ్లాబులో వేస్తారు. వేరుశనగ నూనె లీటరు దాదాపు 910 గ్రాములే, కానీ సీసా, బబుల్ షీట్, పెట్టె కలిపితే అది చాలా పెరుగుతుంది.

అటుకులు, మరమరాలు అమ్మేవాళ్ళు సైజు కూడా చూసుకోవాలి. చాలా కొరియర్లు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి. 40, 30, 30 సెంటీమీటర్ల పెట్టె అయితే 7.2 కిలోలు. లోపల రెండు కిలోల మరమరాలే ఉన్నా 7.2 కిలోలకే బిల్లు వేస్తారు.

ఊళ్ళు. పిన్‌కోడ్ 50తో మొదలైతే తెలంగాణ, 51, 52, 53తో మొదలైతే ఆంధ్రప్రదేశ్. ఈ రెండు రాష్ట్రాల్లో ఆర్టీసీ కార్గో ఉంది కాబట్టి పెద్ద బస్తాలని బస్టాండ్‌కి పంపి, కస్టమర్‌నే తీసుకోమనొచ్చు. కార్ట్‌లో కొరియర్ ఒక ఆప్షన్‌గా, ఆర్టీసీ కార్గో ఇంకో ఆప్షన్‌గా, "పొలం దగ్గరకి వచ్చి తీసుకుంటా" మూడో ఆప్షన్‌గా పెట్టగలగాలి. వూకామర్స్ జోన్లలో పిన్‌కోడ్ వరసలు ఇవ్వొచ్చు. షాపిఫైలో జోన్లు రాష్ట్రం వరకే, పిన్‌కోడ్ వరకు దిగాలంటే అదనపు యాప్ కావాలి.

స్టాక్. మన దగ్గర 300 కిలోల నవార బియ్యం ఉన్నాయి. కిలో, 5 కిలోలు, 10 కిలోల ప్యాకెట్లుగా అమ్ముతాం. మూడూ ఒకే కుప్ప నుంచి తగ్గాలి కదా. మామూలు కార్టులకి ఇది తెలియదు. ప్రతి ప్యాకెట్ సైజుకి విడిగా స్టాక్ పెట్టుకుంటాయి. వూకామర్స్‌లో అన్ని సైజులకి కలిపి ఒకే స్టాక్ పెట్టినా, 5 కిలోల ప్యాకెట్ అమ్మితే అంకె ఒకటే తగ్గుతుంది, ఐదు తగ్గదు. తేలికైన దారి ఏంటంటే, ముందే ఇన్ని కిలో ప్యాకెట్లు, ఇన్ని 5 కిలోల ప్యాకెట్లు అని విడదీసి, ఆ సంఖ్యలే కార్ట్‌లో వేయడం. వారానికోసారి సరిచూసుకుని మార్చుకోవాలి.

సీజన్. బంగినపల్లి కాయ ఇంకా చెట్టు మీద ఉండగానే బుకింగ్ తీసుకుంటాం. కోతకి ఎన్ని పెట్టెలు వస్తాయో అంతే స్టాక్ వేసి, "ఈ తేదీ తర్వాతే పంపుతాం" అని సరుకు పేరు పక్కనే రాయాలి. స్టాక్ అయిపోయినా ఆర్డర్లు తీసుకునే ఆప్షన్ చాలా కార్టుల్లో ఉంటుంది. పరిమితంగా పండే పంటకి అది ఆపేసి ఉంచండి. సీజన్ అయ్యాక ఆ పేజీని డిలీట్ చేయకండి, స్టాక్ లేదు అని మాత్రం పెట్టండి. పాత కస్టమర్ వాట్సాప్‌లో దాచుకున్న లింక్ వచ్చే ఏడు కూడా పనిచేస్తుంది.

క్యాష్ ఆన్ డెలివరీ. కస్టమర్ తీసుకోకపోతే వెళ్ళిన ఛార్జీ, తిరిగొచ్చిన ఛార్జీ రెండూ మామూలుగా మన మీదే పడతాయి. 10 కిలోల పార్శిల్ ఒక్కటి వెనక్కి వస్తే ఆ వారం లాభం పోవచ్చు. ఈ ఆప్షన్ దగ్గరి ఊళ్ళకి మాత్రమే కనిపించేలా చేయగలమా అని చూడండి. వూకామర్స్‌లో ఏ షిప్పింగ్ పద్ధతికి క్యాష్ ఆన్ డెలివరీ ఉండాలో ఎంచుకునే సెట్టింగ్ ఉంది.

పేజీలో ఉండాల్సిన వివరాలు

సరుకు పేజీలో ప్యాక్ చేసినవాళ్ళ పేరు, అడ్రస్, నికర బరువు, ఎమ్మార్పీ కనిపించాలి. ఆహార పదార్థం కాబట్టి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ పెట్టాలి. ప్యాకెట్ వెనక లేబుల్ ఫోటో కూడా పెడితే కస్టమర్‌కి నమ్మకం. "ఆర్గానిక్" అన్న మాట వాడే ముందు మీ పీజీఎస్ లేదా ఎన్‌పీఓపీ సర్టిఫికెట్ సంగతి చూసుకోండి. 2020 ఈ-కామర్స్ వినియోగదారుల నిబంధనల ప్రకారం ఫిర్యాదులు చూసే వ్యక్తి పేరు, ఫోన్, వాపసు పద్ధతి వెబ్‌సైట్‌లో ఉండాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఈ పేజీలు చేర్చుకునే వీలు కార్ట్‌లో ఉండాలి.

జీఎస్టీ విషయంలో సొంతంగా పండించిన పంట అమ్మే రైతుకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ గానుగ నూనె, పిండి, పక్క రైతు దగ్గర కొన్న సరుకు ఆ మినహాయింపులోకి రావు. పన్ను పడే సరుకు వేరే రాష్ట్రానికి పంపితే సాధారణంగా రిజిస్ట్రేషన్ కావాలి. బెంగళూరు, చెన్నై పిన్‌కోడ్లు కార్ట్‌లో తెరిచే ముందు ఆడిటర్‌తో ఒకసారి మాట్లాడండి.

బయటికి వచ్చే దారి ఉందా?

కార్ట్ రేపు మారొచ్చు. కంపెనీ రేటు పెంచొచ్చు, మూసేయొచ్చు. మీ దగ్గర ఒకసారి కొని, తిని, మళ్ళీ అడిగే కుటుంబాలే మీ అసలు ఆస్తి. అందుకే డబ్బు కట్టే ముందు ఈ నాలుగు ఖాయం చేసుకోండి.

డొమైన్ పేరు మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తో రిజిస్టర్ అయి ఉండాలి. వెబ్‌సైట్ చేసిన కుర్రాడి పేరు మీద ఉంటే, రేపు అతను ఫోన్ ఎత్తకపోతే మీ దుకాణం బోర్డు అతని చేతిలో ఉన్నట్టే. గేట్‌వే అకౌంట్ మీ పాన్, మీ బ్యాంకు ఖాతాతోనే ఉండాలి. కస్టమర్ల లిస్టు, ఆర్డర్లు ఎక్సెల్‌లో తెరుచుకునే ఫైల్‌గా దించుకునే ఆప్షన్ మీరు తీసుకునే ప్లాన్‌లోనే ఉండాలి. అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గర ఉండాలి. ఆ లిస్టు నెలకోసారి దించి పెట్టుకోండి. అందులో అవతలివాళ్ళ ఫోన్ నంబర్లు, అడ్రస్‌లు ఉంటాయి కాబట్టి ఎవరికి పడితే వాళ్ళకి పంపకండి.

సొంత కార్ట్ అయితే ఇంకో రెండు. బ్యాకప్ వెబ్‌సైట్ ఉన్న సర్వర్‌లోనే కాకుండా వేరే చోట కూడా ఉండాలి. వెబ్‌సైట్‌కి కావలసిన ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుంచి ఉచితంగా వస్తుంది, దానికి విడిగా డబ్బు కట్టాల్సిన పనిలేదు.

కొనే ముందు ఈ ఆర్డర్లు పెట్టి చూడండి

చాలా అద్దె కార్టులు కొన్నాళ్ళు ట్రయల్ ఇస్తాయి. ఆ రోజుల్లో రంగులు, డిజైన్లు మారుస్తూ కూర్చోకండి. మీ సరుకు మూడు రకాలు ఎక్కించి, మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌లో, మొబైల్ డేటా మీద ఈ ఆర్డర్లు పెట్టండి.

1. మీ జిల్లాలో ఊరికి కిలో పప్పు.
2. హైదరాబాద్‌కి 25 కిలోల బియ్యం, రెండు లీటర్ల నూనె కలిపి. డెలివరీ ఛార్జీ కొరియర్ వాళ్ళ రేటుతో సరిపోయిందా?
3. బెంగళూరుకి క్యాష్ ఆన్ డెలివరీ. వద్దనుకున్నచోట ఆ ఆప్షన్ దాగిందా?
4. స్టాక్ రెండే ఉన్నప్పుడు మూడు ప్యాకెట్లు. ఆపిందా?
5. డబ్బు కట్టడం మధ్యలో ఫోన్ కట్టేసి చూడండి. ఆర్డర్ ఏ స్థితిలో ఉందని చూపిస్తోంది?
6. ఒక ఆర్డర్ రద్దు చేసి డబ్బు వాపసు. స్టాక్ మళ్ళీ పెరిగిందా?

చివరగా ఇంట్లో అమ్మకో నాన్నకో ఫోన్ ఇచ్చి, ఏమీ చెప్పకుండా ఒక ఆర్డర్ పెట్టమనండి. ఎక్కడ ఆగిపోయారో కస్టమర్లు కూడా అక్కడే ఆగిపోతారు. సరుకు పేర్లు తెలుగులో సరిగ్గా కనిపిస్తున్నాయో, ఒత్తులు విడిపోతున్నాయో కూడా అప్పుడే తెలుస్తుంది.

మరి ఏది తీసుకోవాలి?

నెలకి 30 లోపు ఆర్డర్లు అయితే వాట్సాప్ బిజినెస్‌తో నడపండి. కానీ ప్రతి కస్టమర్ పేరు, పిన్‌కోడ్, కొన్న సరుకు ఒక ఎక్సెల్ షీట్‌లో రాస్తూ ఉండండి. రేపు ఏ కార్ట్ తీసుకున్నా అదే మీ పెట్టుబడి.

ఆర్డర్లు 30 దాటి, ఇంట్లో కంప్యూటర్ పని తెలిసినవాళ్ళు లేకపోతే అద్దె కార్ట్ మంచిది. అమ్మకం మీద కమీషన్ లేనిది, లేదా తక్కువ ఉన్నది చూసుకోండి. ఏడాది డబ్బు ఒకేసారి కట్టకుండా మొదటి సీజన్ నెలవారీగా తీసుకోండి.

వందల్లో ఆర్డర్లు, ఇంట్లో తమ్ముడో చెల్లెలో వర్డ్‌ప్రెస్ తెలిసినవాళ్ళు ఉంటే వూకామర్స్ లేదా ఓపెన్‌కార్ట్ ఖర్చు తగ్గిస్తాయి. ఒక్క రైతుకి ఇది భారం అనిపిస్తే, నలుగురైదుగురు రైతులు లేదా ఎఫ్‌పీఓ కలిసి ఒకే దుకాణం పెట్టుకుంటే అద్దె వాటా తగ్గుతుంది. బియ్యం ఒకరు, పప్పు ఒకరు, నూనె ఒకరు ఇస్తే కస్టమర్‌కి నెల సరుకు ఒకే పార్శిల్‌లో వెళ్తుంది, కొరియర్ ఖర్చు కూడా కిలోకి తగ్గుతుంది. అలా చేస్తే డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది, ఎన్ని రోజులకి పంచుకుంటారు అన్నది ముందే కాగితం మీద రాసుకోండి.

మీ సరుకు, సగటు ఆర్డర్ బరువు, నెలకి ఎన్ని ఆర్డర్లు అన్న మూడు వివరాలు కింద రాయండి. వచ్చే వీడియోలో వాటిలో కొన్ని తీసుకుని, బరువు శ్లాబులు ఎలా పెట్టుకోవాలో లెక్కతో సహా చూపిస్తాను.